సీనియర్ రికార్డు చూసి రాయలేని చదువు



డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో సైన్సు చదివిన వాళ్లకి రికార్డు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. గట్టి అట్ట, ఒకవైపు గీతల పేజీ, ఎదురుగా బొమ్మలకీ పట్టికలకీ తెల్ల పేజీ. ప్రయోగం చేసిన రోజున అబ్జర్వేషన్ పుస్తకంలో అంకెలు రాసుకుంటాం. తర్వాత వాటిని తేటగా రికార్డులోకి ఎక్కించి సంతకం చేయించుకుంటాం. పద్ధతి మంచిదే. కానీ ఎక్స్‌టర్నల్స్ ముందు వారం హాస్టల్ గదుల్లో ఏం జరుగుతుందో కూడా మనకి తెలుసు. ఎవరో ఒక సీనియర్ రికార్డు పదిమంది చేతులు మారుతుంది. అందులోని పట్టిక, అందులోని గ్రాఫు, అందులోని ఫలితం, ఒక్కోసారి అందులోని తప్పుతో సహా కొత్త పేజీలకు ఎక్కిపోతాయి.

తప్పంతా పిల్లలదని చెప్పడానికి ఈ మాట ఎత్తలేదు. రికార్డు దిద్దేటప్పుడు మేం అధ్యాపకులం చూసేదేమిటి? ఫలితం సరిగ్గా వచ్చిందా, చేతిరాత బాగుందా, ప్రయోగాలన్నీ పూర్తయ్యాయా. ఈ మూడూ సీనియర్ రికార్డులో సిద్ధంగా ఉన్నాయి. మనం అడిగినదే పిల్లలు ఇస్తున్నారు. ఆ ఫలితం రావడానికి ముందు ఏం పొరపాటు జరిగింది, అది ఎలా తెలిసింది, ఏం మార్చుకున్నారు అన్నది మనం అడగలేదు. చదువు జరిగేదేమో అక్కడ.

ఆ అడగని ప్రశ్నను అడిగే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని ఈ-పోర్ట్‌ఫోలియో అంటున్నారు. విద్యార్థి తన చదువులో తాను చేసిన పనులను ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఒకచోట భద్రపరుచుకోవడం దీని మొదటి మెట్టు. ఒక వ్యాసం చిత్తుప్రతి, ప్రయోగం తాలూకు ఫొటో, సెమినార్‌లో మాట్లాడిన ఆడియో, రాసిన ప్రోగ్రామ్, గ్రామంలో చేసిన సర్వే, ఏదైనా కావచ్చు. రెండో మెట్టు వాటిలోంచి కొన్నిటిని ఏరడం. మూడోది, ఏరిన ప్రతిదాని పక్కనా తన సొంత మాటల్లో కొంచెం రాయడం. దీన్ని ఎందుకు ఎంచుకున్నాను, ఇది చేసేనాటికి నాకేం తెలియదు, ఇప్పుడేం తెలిసింది, ఇంకా ఏం అర్థం కావడం లేదు. ఆ కాసిని వాక్యాలే ఇందులో ప్రాణం. అవి లేకుండా ఎన్ని ఫైళ్లు ఎక్కించినా పోర్ట్‌ఫోలియో కాదు.

ఇది నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదు. చిత్రకారులు, ఆర్కిటెక్టులు తమ పనుల కట్ట చంకలో పెట్టుకుని తిరగడం ఎప్పటినుంచో ఉంది. దాన్ని కంప్యూటర్ మీదికి తెచ్చి, అన్ని సబ్జెక్టుల విద్యార్థులకూ పనికొచ్చేలా చేసిన తొలి సంస్థల్లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఉన్న ఆల్వర్నో అనే మహిళా కళాశాల ఒకటి. మామూలు గ్రేడ్లకు బదులు, విద్యార్థిని ఏం చేయగలుగుతోందో చూసి వివరంగా రాసి ఇచ్చే సంప్రదాయం వాళ్లది. ఆ రాతలన్నిటినీ భద్రపరిచే డిజిటల్ పోర్ట్‌ఫోలియోను వాళ్లు 1999లో మొదలుపెట్టారు.

నాకు ఇంకా ముఖ్యంగా తోచేది న్యూయార్క్‌లోని లగార్డియా కమ్యూనిటీ కాలేజీ. పేరున్న పెద్ద విశ్వవిద్యాలయం కాదది. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, పగలు ఉద్యోగం చేసుకుని చదువుకునేవాళ్లు, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని వాళ్లు ఎక్కువగా చేరే కాలేజీ. చాలామంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులు. 2000ల తొలి ఏళ్ల నుంచి అక్కడ ఈ-పోర్ట్‌ఫోలియోలు నడుస్తున్నాయి. అవి వాడిన తరగతుల్లో విద్యార్థులు చదువు మధ్యలో మానకుండా నిలబడడం మెరుగ్గా ఉందని ఆ కాలేజీవాళ్లు ప్రకటించారు. దాంతోపాటు ఒక హెచ్చరిక కూడా చేశారు. సాఫ్ట్‌వేర్ దానంతటది ఏమీ చేయదు, అధ్యాపకులు దాన్ని తరగతిలో ఎలా వాడతారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది అని. ఆ పనిని ముందుండి నడిపినవారిలో ఒకరైన బ్రెట్ ఐనన్, లారా గాంబినోతో కలిసి 2017లో ఈ అనుభవం మీద ఒక పుస్తకమే రాశారు. అంతకు ముందు సంవత్సరం, 2016లో, అమెరికన్ కళాశాలలు, విశ్వవిద్యాలయాల సంఘం ఒకటి, విద్యార్థి మీద గాఢమైన ప్రభావం చూపే బోధనా పద్ధతుల జాబితాలో పదకొండోదిగా ఈ-పోర్ట్‌ఫోలియోను చేర్చింది.

మరి మన సంగతి? ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి అమల్లోకి వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో మొదటి సంవత్సరం తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఆపైన ఇంటర్న్‌షిప్‌లు పెట్టారు. ఉన్నత విద్యామండలి వీటికోసం ప్రోగ్రామ్ బుక్ అని ఒకటి తయారుచేసి ఇచ్చింది. ఏ రోజు ఏం పని చేశారు, దానివల్ల ఏం నేర్చుకున్నారు అని రాయడానికి అందులో గళ్లు ఉన్నాయి. వారానికో నివేదిక ఉంది. పోర్ట్‌ఫోలియోకి కావలసిన ఎముకల గూడు ఇప్పటికే మన చేతుల్లో ఉందన్నమాట. కానీ ఏం నేర్చుకున్నారన్న ఆ గడిలో వారం తర్వాత వారం, మనిషి తర్వాత మనిషి, ఒకే వాక్యం కనిపిస్తే మాత్రం మనం మళ్లీ సీనియర్ రికార్డు దగ్గరికే వచ్చామని అర్థం.

ఆ గడి నిజంగా నిండితే ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. కనిగిరి ప్రాంతంలో ఒక పల్లె. భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే నేల అది. బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివే ఈ అమ్మాయి తాగునీటి మీద ప్రాజెక్టు తీసుకుంది. మొదటి వారం ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ నీళ్లు తాగుతున్నారో అడిగింది. బోరింగు దగ్గర నీళ్లు పట్టి కాలేజీ ల్యాబ్‌కి తెచ్చింది. వారాంతంలో ఊరివాళ్లని కూర్చోబెట్టి, నీళ్లు మరగకాచి తాగండి అని చెప్పింది. ఆ మీటింగ్ ఫొటో, నాలుగు వాక్యాల వివరం తన పోర్ట్‌ఫోలియోలో పెట్టింది.

మామూలు రికార్డయితే ఇక్కడ సంతకం పడుతుంది, కథ ముగుస్తుంది. ఇక్కడ మాత్రం లెక్చరర్ మేడమ్ ఫొటో కింద ఒకే ఒక్క ప్రశ్న రాశారు. "నీళ్లు మరిగితే ఆవిరై తగ్గుతాయి కదమ్మా, మరి ఫ్లోరైడ్ ఎక్కడికి పోతుంది?"

ఆ ప్రశ్నకు జవాబు ఏ గైడులోనూ వెతకనక్కర్లేదు. ఆ అమ్మాయికి తెలిసిన కెమిస్ట్రీయే సరిపోతుంది. మరగకాచితే సూక్ష్మజీవులు చస్తాయి, కరిగి ఉన్న ఫ్లోరైడ్ కదలదు. నీళ్లు తగ్గిన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. అంటే తను ఊరివాళ్లకి చెప్పిన మాట కలరాకు పనికొస్తుంది, ఫ్లోరైడ్ తెచ్చే ఫ్లోరోసిస్ జబ్బుకు పనికిరాదు. ఆ సంగతి ఆమెకు అర్థమైన క్షణం ఉంది చూశారూ, మూడేళ్ల డిగ్రీలో అలాంటివి నాలుగైదు దొరికినా ఆ పిల్ల చదువుకున్నట్టే. ఆమె రెండో ఎంట్రీ రాస్తుంది. మొదటిది చెరిపెయ్యదు. దాని కిందనే, తేదీ వేసి, "ఇలా చెప్పడం తప్పు, ఎందుకంటే" అని మొదలుపెడుతుంది. మళ్లీ ఊరికి వెళ్తుంది. ఈసారి నీళ్లు గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ సీసాలో పడుతుంది, ఎందుకంటే ఫ్లోరైడ్ పరీక్షకు గాజు మంచిది కాదని ఈలోగా చదివింది. బోరింగు కొట్టగానే వచ్చిన నీళ్లు పారబోసి, కాసేపు కొట్టాక పడుతుంది. తనకు వచ్చిన ఫ్లోరైడ్ అంకెను లీటరుకు 1 మిల్లీగ్రాము, ప్రత్యామ్నాయం లేనిచోట గరిష్ఠంగా 1.5 అన్న భారత ప్రమాణాల సంస్థ హద్దుతో పోల్చి చూస్తుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే నల్గొండ పద్ధతి గురించి, నాగపూర్‌లోని నీరీ సంస్థ దాన్ని రూపొందించిన సంగతి గురించి చదివి రాసుకుంటుంది. ఫ్లోరైడ్ వల్ల బడిపిల్లల పళ్ల మీద పడిన గోధుమరంగు మచ్చలు మొదటిసారి చూసినప్పుడు గుట్కా మరకలనుకున్నానని కూడా నిజాయితీగా రాయవచ్చు. ఏడాది తర్వాత వెనక్కి తిరిగి ఈ ఎంట్రీలన్నీ చదువుకున్నప్పుడు తాను ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందో ఆ అమ్మాయికి ఒక క్రమంలో కనిపిస్తుంది.

ఇప్పుడు దీన్ని వేరొకరు కాపీ కొట్టగలరా? ఆ ఊరు, ఆ బోరింగు, ఆ తప్పు, ఆ ప్రశ్న, ఆ తేదీలు ఆమెవి. ఇంకొకరి పోర్ట్‌ఫోలియోలోకి వెళ్తే పొసగవు.

ఈ మధ్య కృత్రిమ మేధ పరికరాలతో ఇలాంటి ఆత్మపరిశీలనలు కూడా రాయించేస్తున్నారు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. "ఈ ప్రాజెక్టు ద్వారా నేను ఎంతో నేర్చుకున్నాను, నాలో నాయకత్వ లక్షణాలు పెరిగాయి" అని రాయమంటే యంత్రం మన పిల్లలకంటే బాగా రాస్తుంది. అలాంటి వాక్యాలకు మనం మార్కులు వేస్తున్నంత కాలం అవే వస్తాయి. ఫలానా రోజు ఫలానా అంకె ఎందుకు తేడా వచ్చిందో ఎదురుగా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు అడగండి. చేసినవాళ్లెవరో, చేయనివాళ్లెవరో తెలిసిపోతుంది. మనకి వైవా అనే మంచి సంప్రదాయం ఉంది. పోర్ట్‌ఫోలియోను ముందు పెట్టుకుని వైవా జరిపితే రెండూ బాగుపడతాయి.

కంప్యూటర్ సైన్సు విద్యార్థులు ఈ దారిలో ఇప్పటికే కొంత ముందున్నారు. 2008లో మొదలైన గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో వాళ్లు తమ ప్రోగ్రాములు పెడుతున్నారు. ఏ రోజు ఏ వరస మార్చారో, ఎందుకు మార్చారో అక్కడ చరిత్ర మొత్తం ఉంటుంది. ఉద్యోగమిచ్చేవాళ్లు కూడా అది చూస్తున్నారు. అయితే ఉద్యోగం కోసం చూపించుకునే పోర్ట్‌ఫోలియో వేరు, నేర్చుకోవడం కోసం రాసుకునే పోర్ట్‌ఫోలియో వేరు. మొదటిదాంట్లో మన ఉత్తమమైన పనులే ఉంటాయి. రెండోదాంట్లో తప్పులు ఉండాలి. రెంటినీ ఒకే చోట కలిపేస్తే విద్యార్థి ముందుగా చేసే పని తప్పుల్ని తీసెయ్యడం. అందుకే తనకూ తన అధ్యాపకులకూ మాత్రమే కనిపించే భాగం ఒకటి, బయటివాళ్లకు చూపించే భాగం ఒకటి విడివిడిగా ఉండాలి. ఏది ఎవరికి చూపించాలన్న నిర్ణయం విద్యార్థి చేతిలో ఉండాలి.

ఈ విషయం ఎంత సున్నితమైనదో బ్రిటన్ వైద్యరంగాన్ని చూస్తే తెలుస్తుంది. అక్కడ శిక్షణలో ఉన్న డాక్టర్లు తమ అనుభవాలను, పొరపాట్లను ఈ-పోర్ట్‌ఫోలియోలో రాసుకుంటారు. ఒక చిన్నారి మరణానికి సంబంధించి శిక్షణలో ఉన్న ఒక వైద్యురాలి మీద నడిచిన కేసు 2018లో పెద్ద చర్చ అయింది. ఆమె రాసుకున్న ఆత్మవిమర్శే ఆమెకు ఎదురు తిరిగిందన్న మాట డాక్టర్లలో పాకిపోయింది. పోర్ట్‌ఫోలియోను కోర్టు ముందు సాక్ష్యంగా పెట్టలేదని తర్వాత స్పష్టం చేశారు. అయినా భయం అంత తేలిగ్గా పోలేదు. ఇక మీదట మనసు విప్పి ఏమీ రాయం అన్నవాళ్లు ఎంతోమంది. చివరికి అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్, విచారణ కోసం డాక్టర్ల నుంచి అలాంటి రాతలు అడగబోమని హామీ ఇవ్వాల్సి వచ్చింది. మన దేశంలో కూడా 2019లో ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికను సామర్థ్యాల ఆధారంగా మార్చినప్పుడు లాగ్‌బుక్ తప్పనిసరి అయింది. పిల్లలు అందులో నిజం రాయాలంటే, ఆ నిజం వాళ్ల మీదకే రాదన్న నమ్మకం ముందు మనం ఇవ్వాలి.

ఇదే సందర్భంలో ఊరివాళ్ల సంగతి కూడా ఆలోచించాలి. సర్వే పేరుతో ఇంటింటికీ వెళ్లిన విద్యార్థి ఫలానా ఇంటి అవ్వకు మోకాళ్లు వంకరపోయాయని పేరూ ఫొటోతో సహా నెట్‌లో పెట్టడానికి వీల్లేదు. అడిగి, ఒప్పుకుంటేనే ఫొటో. జబ్బుల వివరాలు, ఆధార్ నంబర్లు అసలు వద్దు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో మన పార్లమెంటు చట్టం కూడా చేసింది. ఇది మొదటి తరగతిలోనే నేర్పవలసిన పాఠం.

ఇక భాష. దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఇంగ్లీషు మీడియం కాలేజీ అయినా సరే, ఆలోచించి రాసుకునే ఈ భాగాన్ని తెలుగులో రాయనివ్వాలి. ఉర్దూ ఇంటిభాష అయిన పిల్లలు ఉర్దూలో, సవర మాట్లాడే పిల్లలు వాళ్ల మాటలో చెప్పుకుంటామన్నా సరే. తెలియని విషయాన్ని తెలియదని ఒప్పుకోవడమే కష్టం, దాన్ని అరువు తెచ్చుకున్న భాషలో చెప్పమంటే పిల్లలు అరువు వాక్యాలే రాస్తారు. టైపు చేయడం కష్టమైతే ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి పెట్టనివ్వండి. ప్రయోగం ఫలితం ఇంగ్లీషులో ఉండొచ్చు, కారణం వెతుక్కునే మాట సొంత భాషలో ఉండాలి. లగార్డియాలో చదివిన వలస కుటుంబాల పిల్లలు తమ ఇంటి కథలను, తమ భాషను పోర్ట్‌ఫోలియోలోకి తెచ్చుకున్నారు. అందువల్ల వాళ్ల చదువు తక్కువైపోలేదు.

సాధనాల మాట కొంచెం. మహారా అనే సాఫ్ట్‌వేర్ ఉంది. 2006లో కొన్ని న్యూజీలాండ్ విద్యాసంస్థలు ప్రభుత్వ నిధులతో కలిసి తయారుచేయించినది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉండేలా, లైసెన్సు రుసుము లేకుండా అది మొదలైంది. అయితే సర్వరు, దాన్ని చూసుకునే మనిషి కావాలి. అంత స్తోమత లేని కాలేజీకి గూగుల్ డ్రైవ్‌లో ఒక్కో విద్యార్థికి ఒక్కో ఫోల్డరు చాలు. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో 2008లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు పల్లెటూరి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు చేతికిచ్చారు. మామూలు డిగ్రీ కాలేజీలో ఆ వసతి లేదు, చాలామందికి ఫోనే ఆధారం. కొందరికి అదీ ఇంట్లో ఉమ్మడిది. కాబట్టి పోర్ట్‌ఫోలియో ఫోన్‌లో నడవాలి, తక్కువ డేటాతో నడవాలి, ఫోను లేని పిల్లకు కాలేజీ ల్యాబ్‌లో వారానికో గంట కేటాయించాలి. డిగ్రీ పూర్తయి కాలేజీ ఇచ్చిన మెయిల్ అకౌంటు మూతపడగానే మూడేళ్ల పని మాయమయ్యే పరిస్థితి రాకూడదు. తన పని మొత్తాన్ని తనతో తీసుకుపోయే దారి మొదటిరోజే చూపించాలి.

అధ్యాపకులు తప్పకుండా అడిగే ప్రశ్న, అరవైమంది రాసినవి ఎప్పుడు చదవాలి? న్యాయమైన ప్రశ్నే. అన్నీ చదవనక్కర్లేదు. నలుగురేసి పిల్లలు ఒకరివి ఒకరు చదివి ఒక ప్రశ్న వేసుకునేలా జట్లు కట్టండి. మీరు వారానికి ఒకటి రెండు జట్లవే చూడండి. సెమిస్టర్ అయ్యేలోగా అందరివీ చూసినట్టవుతుంది. పొడుగాటి వ్యాఖ్యలు అక్కర్లేదు. ఇందాక మేడమ్ అడిగినట్టు ఒక సరైన ప్రశ్న చాలు. అలాంటి ప్రశ్న వేయడానికి మాత్రం విద్యార్థి రాసినది నిజంగా చదవాలి, తప్పదు. ఈ పనిని అధ్యాపకుల పనిగంటల్లో లెక్కవేయడం యాజమాన్యాల బాధ్యత. పని పెంచి, గంటలు పెంచకపోతే మూడో వారానికి మళ్లీ సంతకాలే మిగులుతాయి.

నాకున్న పెద్ద భయం మరొకటి. కాలేజీకి న్యాక్ గుర్తింపు కావాలనో, ఎన్.బి.ఎ. గుర్తింపు కావాలనో, రాత్రికి రాత్రే విద్యార్థులందరి చేతా పోర్ట్‌ఫోలియోలు నింపించే రోజు రావచ్చు. గుర్తింపు సంస్థలు ఫలితాలకు ఆధారాలు అడగడం సబబే, 2014లో మనం, ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యులమయ్యాక ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆ ఒత్తిడి ఇంకా పెరిగింది. కానీ పోర్ట్‌ఫోలియో విద్యార్థి కోసం. కాలేజీ ఫైలు నింపడం కోసం దాన్ని వాడిన రోజున పిల్లలకు ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది, మనం అడిగినదే వాళ్లు మళ్లీ ఇస్తారు.

వింటున్న అధ్యాపక మిత్రులకు ఒక మనవి. కాలేజీ అంతటా ఒకేసారి మొదలుపెట్టవద్దు. వచ్చే సెమిస్టర్‌లో ఒక్క తరగతి, ఒక్క పేపరు తీసుకోండి. సెమిస్టర్ మొత్తంలో నాలుగు ఎంట్రీలు చాలు. తప్పు ఒప్పుకున్న రాతకు మార్కులు తగ్గించబోమని మొదటిరోజే పిల్లలకు చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. విద్యార్థులూ, మీరు కాలేజీ చెప్పేదాకా ఆగనక్కర్లేదు. ఫోన్‌లో ఒక ఫోల్డరు తెరవండి. ఈ వారం క్లాసులో మీకు అర్థంకాని విషయం ఒకటి మీ మాటల్లోనే రాసి, తేదీ వేసి అందులో పెట్టండి. నెల తర్వాత తీసి చదివి, దాని కిందనే రెండో ఎంట్రీ రాయండి.